డ్యాష్‌బోర్డుకు రంగు అంటిన కథ

కారు లోపలికి ప్లాస్టిక్ వచ్చినప్పుడు కంపెనీలు పెట్టుకున్న ఆశల్లో ఒకటి, ఇక రంగు పని తప్పుతుందని. ముడిసరుకులోనే రంగు కలిపి, కరిగించి అచ్చులోకి కొడితే ముక్క రంగుతో సహా పుడుతుంది. పెయింటర్ అక్కర్లేదు, ఆరబెట్టే పొయ్యి అక్కర్లేదు. తీరా చూస్తే రంగు పని తప్పలేదు సరికదా, ఇనుముకు వేసినప్పటి కంటే పదింతల తంటా అయింది. ఆ తంటా తీర్చిన వస్తువుల జాతకాలు తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. వాటిలో దాదాపు ఏదీ డ్యాష్‌బోర్డు కోసం పుట్టింది కాదు. ఒకటి దోమల మందు డబ్బా, ఒకటి ప్లాస్టిక్ కవర్ల మీద అచ్చు వెయ్యడానికి పట్టిన కరెంటు నిప్పు, ఒకటి బంపర్ల కోసం కలిపిన మందు. అన్నీ వేరే ఇంటి పిల్లలే.

మొదట్లో ఈ గొడవ లేదు. డ్యాష్‌బోర్డు కొన్నాళ్లు చెక్కది, తర్వాత ఉక్కు రేకుది. బయట బాడీకి కొట్టిన రంగే లోపల రేకుకూ కొట్టేవాళ్లు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఎక్కినవాళ్లకు, మన ఊళ్లలో తిరిగిన మహీంద్రా జీపు నడిపినవాళ్లకు ఆ రేకు తెలుసు. ఎండలో ఆపిన జీపులో దాని మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. 1930లలో కొన్ని అమెరికా కార్లలో ఉక్కు రేకు మీదే చెక్క ఈనెల్లా రంగు వేసి టేకు పలక అనిపించేవాళ్లు. దొంగ చెక్క సోకు ఇప్పటిది కాదన్నమాట.

ఆ రేకుల రంగుకీ ఒక పుట్టుక కథ ఉంది. 1920 దాకా కారు రంగు అంటే కుంచెతో పూత మీద పూత వెయ్యడం, ఆరడానికి వారాల తరబడి కాచుకోవడం. తొందరగా ఆరే ఎనామిల్ కావాలంటే నలుపుతో సరిపెట్టుకోవాలి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మనుషులు సినిమా ఫిల్ము తయారీకి సంబంధించిన నైట్రోసెల్యులోజ్ ద్రావణంతో కుస్తీ పడుతుంటే, 1920లో అనుకోకుండా అది బాగా పలచబడింది. పలచగా ఉన్నా అందులో సరుకు మాత్రం చిక్కగానే ఉంది. అంటే గన్‌తో కొట్టొచ్చు, తక్కువ పూతలకే రంగు నిలుస్తుంది, గంటల్లో ఆరుతుంది. దానికి డ్యూకో అని పేరు పెట్టి, 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్‌లాండ్ కార్లకు నీలం రంగుగా కొట్టారు. ఇవాళ మన కార్పెంటర్లు తలుపులకూ మంచాలకూ చేయించమనే డ్యూకో పెయింట్ పేరు అక్కడిదే. స్ప్రే గన్నూ కంప్రెసరూ మోటారు షెడ్లలో పాతుకుపోయింది కూడా ఆ తరహా రంగు వెంటే.

రేకు డ్యాష్‌బోర్డు కొంప ముంచింది తుప్పు కాదు, మెరుపూ గట్టితనమూ. యాక్సిడెంటులో తల వెళ్లి తగిలేది ముందు దానికే. మెత్తని డ్యాష్‌బోర్డు కావాలంటే ఇస్తామని ఫోర్డ్ కంపెనీ 1956 మోడళ్లకు విడి డబ్బులు తీసుకుని అమ్మింది. మరోపక్క నిగనిగలాడే ఎనామిల్, క్రోమియం పట్టీలు ఎండనూ ఎదుటి బండి లైట్లనూ తిప్పి డ్రైవరు కళ్లలోకి కొట్టేవి. రాల్ఫ్ నేడర్ 1965లో అచ్చువేసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకంలో ఈ మెరుపుల మీద కూడా కంపెనీలను కడిగేశాడు. మరుసటి ఏడే అమెరికాలో వాహన భద్రతా చట్టం వచ్చింది. దాని కింద 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రమాణాల్లో ఒకటి, డ్రైవరు చూపుకు అడ్డొచ్చే లోహపు భాగాల మెరుపుకు హద్దు గీసింది. ఇంకొకటి, తల తగిలే చోట లోపలి భాగాలు దెబ్బను ఎంత మేరకు తట్టుకోవాలో చెప్పింది. దాంతో నురుగు దిండు మీద వినైల్ తొడుగు కప్పిన డ్యాష్‌బోర్డు సోకు సరుకు కాకుండా అవసరం అయింది. నా లెక్కలో డ్యాష్‌బోర్డు రంగు చరిత్రకు అసలు మలుపు ఇదే. అప్పటిదాకా రంగు ఎంత మెరిస్తే అంత గొప్ప. అక్కణ్ణుంచి మెరవని రంగు చెయ్యడం గొప్ప.

వినైల్ అంటే మెత్తబరిచిన పీవీసీ. 1926లో గుడ్‌రిచ్ టైర్ల కంపెనీలో వాల్డో సెమన్ అనే ఆయన రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ పీవీసీని కొన్ని ద్రావకాలలో మరిగించాడు. జిగురు దొరకలేదు, సాగే జెల్లీ లాంటిది దొరికింది. దానికి మెత్తదనం ఇచ్చేది లోపల కలిపిన నూనె లాంటి ప్లాస్టిసైజర్. ఆ నూనె ఎక్కడా కుదురుగా ఉండదు. ఎండకు ఆవిరై అద్దం లోపలివైపు మసక పొరలా పేరుకుంటుంది. నూనె పోయిన వినైల్ బిగుసుకుని పగులుతుంది. దాని మీద మామూలు ఎనామిల్ వేస్తే అదే నూనె పైకి పాకి రంగును మెత్తబరుస్తుంది. అందుకే వినైల్ మీద తెలియక ఇంటి రంగు వేసినవాళ్ల పని ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉంటుంది. తొడుగుతో పాటు సాగే, తొడుగులోకే కాస్త కరిగి దిగే వినైల్ జాతి రంగులు విడిగా పుట్టింది ఇందుకే.

వినైల్ పక్కనే ఏబీఎస్ వచ్చింది. బోర్గ్-వార్నర్ కంపెనీ 1954లో సైకోలాక్ అన్న పేరుతో బజారుకు తెచ్చిన గట్టి ప్లాస్టిక్ అది. మీటర్ చుట్టూ ఉండే చట్రం, ఏసీ గాలి కిటికీలు, స్తంభాల తొడుగులు దానితో పోయడం మొదలైంది. రంగు పని తప్పుతుందన్న ఆశ మొదటిసారి బెడిసికొట్టింది ఇక్కడ. ఒకే ఎరుపును వినైల్‌లో కలిపితే ఒకలా, ఏబీఎస్‌లో కలిపితే ఇంకోలా, సీటు గుడ్డకు అద్దితే మరోలా కనిపిస్తుంది. మెరుపు తేడా, ఈనె తేడా, వెలుగు తేడా. షోరూములో తలుపు తెరవగానే మూడు ఎరుపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తే కొనేవాడు ఊరుకోడు. దాంతో ముక్కలన్నిటినీ వరసగా పెట్టి ఒకే డబ్బాలోని లాకర్ రంగు కొట్టడం ఫ్యాక్టరీలకు తప్పలేదు. అమెరికాలో అరవైల నాటి కార్లను బాగుచేసేవాళ్లు గీత పడ్డచోట తొంగిచూస్తే కింద వేరే రంగు ప్లాస్టిక్ బయటపడటం మామూలే.

ఏబీఎస్ మాత్రం మంచి మనిషి లాంటిది, రంగును కాదనదు. లాకర్‌లోని థిన్నర్ దాని పైపొరను కాస్త కొరికి లోపలికి దిగి పట్టుకుంటుంది. చిక్కల్లా ఆ కొరకడం ఎక్కువైతేనే. ఘాటు థిన్నర్ తడిగా పడితే, అచ్చులో పోసినప్పుడు బిగపట్టి ఉన్న చోట్ల వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ, మూలల దగ్గరా ముందు లేస్తాయి. పెయింటర్లు మొదటి పూతను మంచులా చిలకరించి ఆగేది అందుకే.

అసలు మొండివాడు తర్వాత దిగాడు. 1954 మార్చి 11న ఇటలీలో మిలాన్ పాలిటెక్నిక్ ఆచార్యుడు జూలియో నత్తా పాలీప్రొపిలీన్ తయారైందని డైరీలో రాసుకున్నాడు. జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకం దానికి దారి. ఇద్దరికీ కలిపి 1963లో నోబెల్ ఇచ్చారు. ఈలోగా 1957లోనే మాంటెకటీని కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. బకెట్లూ గిన్నెలూ అయింది, పోను పోను కార్లలోకి చేరింది. చవక, తేలిక, పెట్రోలుకూ బ్యాటరీ ఆమ్లానికీ జడవదు. ఇవాళ మామూలు కార్లలో డ్యాష్‌బోర్డు, తలుపు పలకల్లో ఎక్కువ భాగం దాని వంశమే.

ఏదీ అంటకపోవడమే దాని గుణం, మనకు చేటు కూడా అదే. పాలీప్రొపిలీన్ గొలుసంతా కర్బనమూ ఉదజనీ. రంగు అణువు చెయ్యి పట్టుకోవడానికి కొక్కెం లాంటిది ఒక్కటీ ఉండదు. లెక్కల్లో చెప్పాలంటే దాని ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు. రంగు సాఫీగా పరుచుకుని పట్టాలంటే దాదాపు 40 దాకా కావాలి. తామరాకు మీద నీటిబొట్టు ఎంత నిలుస్తుందో దీని మీద రంగు అంతే. ఆరినట్టే కనిపిస్తుంది, గోరు పెట్టి లాగితే అరటి నారలా పొడుగ్గా ఊడొస్తుంది.

ఈ ముడి మొదట విప్పింది కార్లవాళ్లు కాదు, కవర్లవాళ్లు. ప్లాస్టిక్ ఫిల్ము మీద సిరా నిలవడం లేదని ఒక ఖాతాదారుడు మొరపెట్టుకుంటే, డెన్మార్క్‌లో వెర్నర్ ఐస్బీ అనే ఇంజనీరు 1951లో ఆ ఫిల్మును హైవోల్టేజీ కరెంటు చిమ్మే నీలి వెలుగు కిందుగా లాగాడు. ఆ కరెంటు పైపొర అణువులను విరిచి గాలిలోని ఆమ్లజనిని వాటికి అంటిస్తుంది. అంటే లేని కొక్కేలను పుట్టిస్తుంది. దాని పేరు కరోనా ట్రీట్‌మెంట్. పేరు మీద మనకు పీకల దాకా కోపం ఉన్నా, పాల ప్యాకెట్ మీద బొమ్మ చెరగకుండా ఉండటం వెనక ఉన్నది ఇదే రకం విద్య. వంకర టింకర ముక్కలకు కరెంటు కన్నా మంట వీలైంది. ఆమ్లజని ఎక్కువగా ఉన్న నీలి గ్యాసు మంటను ముక్క మీదుగా సెకనులో కొంత భాగం మాత్రమే తిప్పుతారు. ప్లాస్టిక్ కరగదు, చూపుకు తేడా కూడా తెలియదు. నీళ్లు పోస్తే తెలుస్తుంది. ఇందాక బొట్లు బొట్లుగా జారిన నీరు ఇప్పుడు పలచని పొరగా పరుచుకుంటుంది. ఆ గుణం నాళ్లు గడిచే కొద్దీ తరిగిపోతుంది కాబట్టి రంగు వెంటనే పడాలి.

ఫ్యాక్టరీకి మంట సరే, షెడ్డులో కూర్చున్న పెయింటర్ ఏం చేస్తాడు? అతనికి దారి చూపింది బంపర్లు. ఉక్కు బంపర్లు పోయి పాలీప్రొపిలీనూ రబ్బరూ కలిసిన బంపర్లు వచ్చాక, వాటిని బాడీ రంగులోనే అమ్మాల్సి వచ్చింది. అప్పుడు రసాయన కంపెనీలు పాలీప్రొపిలీన్ గొలుసుకే అక్కడక్కడ క్లోరిన్ తగిలించి, జైలీన్ లాంటి ద్రావకంలో కరిగించి ఇచ్చాయి. ద్రావకం ప్లాస్టిక్ పైపొరను ఉబ్బిస్తుంది. ఉబ్బిన సందుల్లోకి ఈ గొలుసులు దూరి సొంత జాతితో పెనవేసుకుంటాయి. క్లోరిన్ ఉన్న కొసలు పైకి తేలి రంగును పట్టుకుంటాయి. అటు చుట్టరికం, ఇటు స్నేహం. షాపుల్లో అడ్హీషన్ ప్రమోటర్, ప్లాస్టిక్ ప్రైమర్ అని అమ్మే నీళ్లలాంటి మందుల్లో ఎక్కువ ఇదే. కొన్ని మైక్రాన్ల మందం చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టుకుంటుందనుకోవడం భ్రమ, మందమైన పొర తనలో తానే చీలి రంగుతో సహా లేస్తుంది.

ఇక గన్నూ కంప్రెసరూ లేనివాడి చేతికి రంగు ఎలా చేరిందో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో సైనికులను తూటాల కన్నా మలేరియా ఎక్కువ పీడించింది. అమెరికా వ్యవసాయ శాఖలో లైల్ గుడ్‌హ్యూ, విలియం సలివన్ అనే ఇద్దరు చామంతి జాతి పూల నుంచి తీసిన పైరెత్రమ్ మందును, దానికి తోడు నువ్వుల నూనెను, ద్రవంగా మార్చిన ఫ్రియాన్ వాయువుతో కలిపి ఉక్కు డబ్బాలో బిగించారు. మీట తిప్పితే గుడారం నిండా పొగమంచు. 1943లో పేటెంటు వచ్చింది. యుద్ధమయ్యాక 1949లో ఇల్లినాయిస్‌కు చెందిన ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి రేడియేటర్లకు వేసే అల్యూమినియం పెయింట్‌ను కొనేవాళ్ల ముందు ఎలా వేసి చూపించాలా అని తలపట్టుకుంటే, దోమల మందులా డబ్బాలో పెట్టకూడదా అన్నది ఆయన భార్య బోనీ. పేటెంట్ల చరిత్రలో ఇలాంటి ఇంటి మాటలకు పేర్లు దొరకడం అరుదు, ఆమె పేరు నిలిచింది. అదే ఏడు రాబర్ట్ అబ్‌ప్లనాల్ప్ చవకగా, కారకుండా పనిచేసే వాల్వు తయారుచేశాడు. బరువైన ఉక్కు బాంబు పోయి పలచని రేకు డబ్బా వచ్చింది. ఓజోన్ పొరకు చిల్లు పెడుతుందని తేలాక ఫ్రియాన్‌ను వదిలి వంటగ్యాసు జాతి వాయువులు నింపుతున్నారు. అందుకే డబ్బా మీద నిప్పు బొమ్మ ఉంటుంది.

డబ్బా వచ్చాక ఎవరికి వారే పెయింటర్లు. అప్పుడు బయటపడిన శత్రువు మెరుపు పాలిష్. డ్యాష్‌బోర్డు కొత్తగా నిగనిగలాడాలని రుద్దే చాలా పాలిష్‌లలో సిలికోన్ నూనె ఉంటుంది. ఈనెల గుంతల్లో చుక్క మిగిలినా రంగు దాని దగ్గరికి రాదు. చుట్టూ వెనక్కి జరిగి చేపకన్నులా గుండ్రటి చిల్లు పడుతుంది. దాని మీద ఇంకో పూత వేస్తే అదీ వెనక్కి జరుగుతుంది. మన దగ్గర కారు కడిగే ప్రతిచోటా ఆ పాలిష్ కొట్టనిదే బండి వదలరు కాబట్టి, ఇక్కడి పెయింటర్ సగం శ్రమ కడగడంలోనే పోతుంది. సబ్బు నీళ్లు, పళ్లు తోమే బ్రష్, తర్వాత ఆల్కహాల్, ఆ తర్వాతే స్కాచ్‌బ్రైట్.

పని తెలిసినవాడు ముందు ముక్కను బోర్లా తిప్పి చూస్తాడు. వెనక రెండు బాణం గుర్తుల మధ్య చిన్న అక్షరాలుంటాయి. ఏబీఎస్ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో ఉంటే హాయి. పీపీ అని ఉంటే ప్రమోటర్ తప్పదు. పక్కన టీ20, టీడీ20 అని ఉంటే నూటికి ఇరవై పాళ్లు టాల్క్, అంటే మన మొహానికి రాసుకునే పౌడరు రాయి, కలిపారని. అక్షరాలు దొరకకపోతే చిన్న పెచ్చు గీరి నీళ్లలో వేసి, తేలితే పాలీప్రొపిలీన్ అని చెప్పే పాత చిట్కా ఒకటుంది. అది నమ్మదగ్గది కాదు. ఉత్త పాలీప్రొపిలీన్ తేలుతుంది నిజమే. టాల్క్ కలిసినది మునుగుతుంది, ఏబీఎస్ అనుకుని మోసపోతాం. లప్పం పెట్టి నున్నగా చెయ్యడం కూడా ఇక్కడ పనికిరాదు, తోలు ముడతల్లాంటి ఆ ఈనెలు పూడిపోతే ముక్క చవకబారుగా మెరుస్తుంది. చివర బ్లేడుతో కనపడని మూల చిన్న గళ్లు గీసి, టేపు అంటించి చటుక్కున లాగుతారు. గళ్లలో ఒక్కటి ఊడినా మొదటికే.

సోకు సంగతి జపాన్ వాళ్లు ఇంకో దారిన తేల్చారు. నీటి మీద తేలే పొరపై చెక్క ఈనెలు అచ్చువేసి, పొర కరుగుతుండగా ముక్కను నిదానంగా అందులోకి ముంచితే బొమ్మ వంపులన్నిటికీ చుట్టుకుంటుంది. ఆ పని చేసే యంత్రానికి మోటోయాసు నకనిషి 1982లో అమెరికాలో పేటెంటు కోరాడు. పైన మెరుపు క్లియర్ కొడితే గేరు చుట్టూ రోజ్‌వుడ్ సిద్ధం.

తొంభైలలో మరో వేడుక మొదలైంది. ముట్టుకుంటే తోలులా, పీచు పండు తొక్కలా ఉండే సాఫ్ట్ టచ్ రంగులు. పాలీయురేథేన్‌ను మెత్తగా, కాస్త సాగేలా కూర్చి కొట్టేవాళ్లు. చవక ప్లాస్టిక్‌కు ఖరీదైన స్పర్శ. పదేళ్లు తిరక్కుండా తేమ, చేతి చెమట, ఎండ కలిసి ఆ గొలుసులను తెంపడం మొదలుపెట్టాయి. ఫెరారీలలో ఆ కాలం నాటి మీటలు బంకలా వేళ్లకు అంటుకోవడం లోకమంతటికీ తెలిసిన సంగతి. ఇప్పుడు వాటిని గీకి మళ్లీ రంగు వెయ్యడమే కొందరికి పూర్తికాలపు వ్యాపారం. కోట్లు పోసి కొన్న బండిలో మీట నొక్కి చెయ్యి తుడుచుకోవలసి రావడం, నాకు మాత్రం ఈ కథలో నవ్వు తెప్పించే ఘట్టం.

వేడి మాట ఎత్తితే, అరిజోనాలోని టెంపేలో పరిశోధకులు ఎండలో ఆపిన కార్లను కొలిచి 2018లో ప్రకటించిన లెక్క ఒకటుంది. గంటలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. స్టీరింగ్ 53 దగ్గరే ఆగింది. రెంటచింతల, రామగుండం ఎండల్లో బండి పెట్టేవాళ్లకు ఇది వింత కాదు. మన కార్లలో డ్యాష్‌బోర్డు పైభాగం నల్లగా, కింద లేత గోధుమరంగుగా వస్తుంటే, పైన కూడా లేత రంగు వేయించమని డెకార్ షాపుల్లో అడిగేవాళ్లున్నారు. నలుపు వేడెక్కుతుందని వాళ్ల వాదన, అబద్ధం కాదు. కానీ లేత రంగు పైభాగం ముందు అద్దంలో తెల్లటి నీడలా కనిపించి రోడ్డును మసక చేస్తుంది. నేడర్ గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

కంపెనీలు ఇప్పుడు పాత ఆశకే తిరిగొచ్చాయి. అచ్చు ఉక్కునే ఆమ్లంతోనో లేజర్‌తోనో సన్నగా గరుకు చేసి, గీతలు పడని పాలీప్రొపిలీన్‌ను రంగుతో సహా పోసి, పూత లేకుండానే మెరుపు తగ్గిస్తున్నారు. రంగు కొట్టే బూత్‌కూ ఆరబెట్టే పొయ్యికీ అయ్యే కరెంటూ, గాలిలో కలిసే ద్రావకమూ మిగులుతాయి. పియానో నలుపు పట్టీలు, వెండి రంగు గాలి కిటికీలు, తళుకు చట్రాలు మాత్రం ఇంకా పెయింటర్ చేతిలోనే ఉన్నాయి.

మనదేశంలో 2019 జులై నుంచి అమ్మే కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, తర్వాత పక్క సీటుకూ వచ్చింది. ఆ పక్క సీటు బ్యాగు దాక్కునేది డ్యాష్‌బోర్డు కిందే. చాలా కార్లలో మూత గీత పైకి కనిపించదు, లోపలివైపు లేజర్‌తో పలచగా కోసి ఉంచుతారు. మైనస్ 35 డిగ్రీల చలిలోనూ 85 డిగ్రీల వేడిలోనూ పేల్చి చూసి, ఆ మూత ముక్కలు విసరకుండా తెరుచుకుంటుందని తేల్చుకున్నాకే బండికి బిగిస్తారు. దాని మీద మనం వేసిన ప్రమోటరూ మూడు పూతల రంగూ క్లియరూ కలిసి పెంకులా బిగిస్తే ఆ పరీక్షలేవీ ఇక వర్తించవు. అందుకే నేర్పున్న పెయింటర్ గేరు చట్రం, తలుపు పలకలు, ఏసీ కిటికీలు ఇవ్వమని, మూత ఉన్న పైభాగం మాత్రం ముట్టుకోనని ముందే చెప్పేస్తాడు.